పాఠం 7: నిశ్చల చిత్రాన్ని వ్యాఖ్యానించడం – కరవాజ్జో ‘పండ్ల బుట్ట’

7.0 లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరువాత మీరు:
• పూలు, పండ్లు వంటి వస్తువులను మాత్రమే చిత్రించిన చిత్రాన్ని క్రమపద్ధతిలో పరిశీలించగలుగుతారు.
• కంటికి కనిపించే విషయాన్ని, చారిత్రక ఆధారాన్ని, వ్యాఖ్యానాన్ని వేరుచేసి చూడగలుగుతారు.
• ప్రతి వస్తువుకూ ఒక స్థిరమైన ప్రతీకార్థం ఉంటుందనే అభిప్రాయంలోని పరిమితులను వివరించగలుగుతారు.
• ఒక నిశ్చల చిత్రంపై ఆధారాలతో కూడిన సొంత వ్యాఖ్యానం రాయగలుగుతారు.

7.1 ప్రస్తావన

మనుషులున్న చిత్రాన్ని అర్థం చేసుకోవడానికి మనకు ఒక సౌకర్యం ఉంటుంది. ఎవరు, ఎవరితో, ఏం చేస్తున్నారు అని అడిగితే చాలు, సగం సమాధానం దొరుకుతుంది. యుద్ధమైనా, వివాహమైనా, పురాణ ఘట్టమైనా ఆ చిత్రం వెనుక ఒక కథ ఉంటుంది. నిశ్చల చిత్రం ముందు నిలబడినప్పుడు ఈ సౌకర్యం ఉండదు. అక్కడ ఉన్నది ఒక బుట్ట, కొన్ని పండ్లు, నాలుగు ఆకులు. ‘ఇందులో చెప్పడానికి ఏముంది?’ అనే ప్రశ్న మీకు కలిగితే అది సహజమే.

ఈ ప్రశ్నకు విద్యార్థులు సాధారణంగా రెండు రకాల సమాధానాలు రాస్తారు. మొదటిది మెచ్చుకోలు: ‘పండ్లు చేతికి అందేటట్లు సజీవంగా ఉన్నాయి’. రెండవది గుర్తుల పట్టిక: ‘పండు జీవితానికి ప్రతీక, పురుగు మరణానికి ప్రతీక, వాడిన ఆకు వృద్ధాప్యానికి ప్రతీక’. ఈ రెండు సమాధానాలూ పూర్తిగా తప్పు కావు. కానీ వీటిలో ఒక లోపం ఉంది. ఈ వాక్యాలను ఏ పండ్ల చిత్రం గురించి అయినా రాయవచ్చు. చిత్రం చూడకుండా కూడా రాయవచ్చు. చూడకుండానే రాయగలిగిన సమాధానం ఆ చిత్రానికి సంబంధించిన సమాధానం కాదు.

మరి చూసి రాయడం అంటే ఏమిటి? దీనిని ఒక్క చిత్రాన్ని ప్రధానంగా తీసుకుని నేర్చుకుందాం. అది ఇటలీ చిత్రకారుడు కరవాజ్జో 1590ల చివరలో గుడ్డమీద తైలవర్ణాలతో చిత్రించిన ‘పండ్ల బుట్ట’. ప్రస్తుతం ఇది మిలన్ నగరంలోని ఆంబ్రోజియానా చిత్రశాలలో ఉంది. దీనితో పోల్చడానికి అదే చిత్రశాలలో ఉన్న ఒక పూల చిత్రాన్ని కూడా పరిశీలిద్దాం. ఈ రెండింటికీ మొదట్లో యజమాని ఒక్కరే కావడం మనకు ఎంతో ఉపయోగపడుతుంది.

7.2 పేరులోనే ఉన్న చిక్కు

పూలు, పండ్లు, పాత్రలు, చేపలు, పుస్తకాలు వంటి కదలని వస్తువులను ప్రధాన విషయంగా తీసుకున్న చిత్రాన్ని తెలుగులో ‘నిశ్చల చిత్రం’ అంటున్నాం. ఇంగ్లీషులోని ‘స్టిల్ లైఫ్’ అనే పేరు డచ్ భాషలోని ‘స్టిల్‌లేవెన్’ నుంచి వచ్చింది. అది 17వ శతాబ్దపు మధ్యకాలంలో వాడుకలోకి వచ్చిన మాట. కదలకుండా ఉన్న జీవం అని దాని భావం. ఫ్రెంచి వారు ఇదే చిత్రాన్ని ‘నాత్యూర్ మోర్త్’ అన్నారు, ఇటలీ వారు ‘నతూరా మోర్తా’ అన్నారు. ఈ రెండింటికీ ‘చనిపోయిన ప్రకృతి’ అని అర్థం.

ఒకే రకం చిత్రాన్ని ఒక భాష ‘జీవం’ అంటే మరొక భాష ‘మరణం’ అంటోంది. పేరు మనచేత ముందుగానే ఒక అర్థాన్ని పలికిస్తుందని దీనివల్ల తెలుస్తుంది. ‘చనిపోయిన ప్రకృతి’ అనే శీర్షిక కింద చూసిన పండు మరణం గురించి మాట్లాడుతున్నట్లే కనిపిస్తుంది. కరవాజ్జో ఈ బుట్టను చిత్రించేనాటికి ఈ పేర్లేవీ స్థిరపడలేదు. కాబట్టి పేరు ఇచ్చే అర్థాన్ని కాసేపు పక్కన పెట్టడం మంచిది.

ఈ రకం చిత్రాలకు గౌరవం కూడా చాలాకాలం తక్కువగానే ఉండేది. 17వ శతాబ్దపు ఫ్రాన్సులో ఆంద్రే ఫెలిబియెన్ చిత్రకళా ప్రక్రియలను మెట్లుగా వర్గీకరించినప్పుడు పండ్లు, పూలు వేసేవారిని అట్టడుగు మెట్టు మీద ఉంచాడు. మానవ చర్యలను, చరిత్రను చిత్రించేవారికి పైమెట్టు ఇచ్చాడు. కరవాజ్జో అభిప్రాయం దీనికి పూర్తిగా భిన్నం. మనుషుల బొమ్మలు వేయడానికి ఎంత శ్రమ కావాలో పూల చిత్రం చక్కగా వేయడానికీ అంతే శ్రమ కావాలని ఆయన అన్నట్లు, ఆయన చిత్రాలను సేకరించిన విన్‌చెంజో జుస్తినియాని ఒక లేఖలో నమోదు చేశాడు. ఈ మాటను గుర్తుంచుకోండి. దీని ప్రాధాన్యం 7.7లో తెలుస్తుంది.

7.3 ముందుగా చూడటం

మీ దగ్గర ఉన్న ప్రతి ఎంత చిన్నదైనా సరే, దానిని ఎదురుగా పెట్టుకుని ఈ భాగాన్ని చదవండి. ‘అంటే ఏమిటి?’ అనే ప్రశ్నను ఇంకా వేయవద్దు. ‘ఏముంది, ఎక్కడుంది, ఎలా ఉంది?’ అనే మూడు ప్రశ్నలే వేయండి.

ఏముంది: అల్లిక బుట్టలో యాపిల్, బేరి, పీచ్, అంజూరం, తెలుపు నలుపు ద్రాక్ష గుత్తులు, బేరి జాతికే చెందిన క్విన్స్ అనే పండు ఉన్నాయి. వాటి మధ్య నుంచి ద్రాక్ష ఆకులు, అంజూరపు ఆకులు, పీచ్ ఆకులు బయటకు వచ్చాయి. ఇవన్నీ ఇటలీలో వేసవి చివర, శరదృతువు మొదట్లో దొరికే పండ్లు. అంటే నిజంగా ఒకే రోజు, ఒకే బుట్టలో ఉండగల పండ్లే ఇవి. ఈ సంగతిని రాసిపెట్టుకోండి.

ఎక్కడుంది: బుట్ట ఒక సన్నని గట్టు మీద ఉంది. మనం దానిని పైనుంచి చూడటం లేదు. అది సరిగ్గా మన కంటి ఎత్తులో ఉంది. బుట్ట అడుగు గట్టు అంచును దాటి కొద్దిగా మనవైపు ముందుకు వచ్చింది. వెనుక గోడ లేదు, కిటికీ లేదు, గది లేదు. లేత పసుపు వన్నెలో ఒకే రంగు పరచి ఉంది. ఆ రంగు మీద ఆకుల అంచులు కత్తిరించి అతికించినంత స్పష్టంగా కనిపిస్తాయి.

ఎలా ఉంది: నల్లద్రాక్ష మీద పొడి చల్లినట్టుండే మసక పూత ఉంది. కొన్ని చోట్ల నీటి బిందువులు ఉన్నాయి. ముందుభాగంలో ఉన్న యాపిల్ మీద పురుగు తొలిచిన గుర్తు ఉంది. ఆకుల మీద చిల్లులు, తెగులు మచ్చలు ఉన్నాయి. కుడివైపుకు వెళ్ళేకొద్దీ ఆకులు వాడి, ముడుచుకుని, రంగు కోల్పోయి దాదాపు నీడల్లా కనిపిస్తాయి.

ఇప్పుడు ఒక చిన్న ఆలోచన చేయండి. పండ్లు అమ్మేవారు యాపిల్‌కు మచ్చ ఉంటే ఆ వైపును కిందికి తిప్పి పెడతారు. ఇంటికి వచ్చిన అతిథి ముందు పళ్ళెం పెట్టేటప్పుడు మనమూ అదే చేస్తాం. చిత్రకారుడికి ఆ యాపిల్‌ను తిప్పి పెట్టే అవకాశం ఉంది. మచ్చను వదిలేసి వేసే అవకాశం ఇంకా ఎక్కువగా ఉంది. అయినా ఆయన దానిని అందరికీ కనిపించేటట్లు ముందు పెట్టాడు. చిత్రంలో అనుకోకుండా పడిన మచ్చ అంటూ ఉండదు. కుంచెతో పెట్టినదే ఉంటుంది. కాబట్టి పురుగు గుర్తు ఒక నిర్ణయం. ఆ నిర్ణయాన్ని వివరించడమే వ్యాఖ్యాత పని.

అవగాహన ప్రశ్నలు – 1
అ) బుట్ట గట్టు అంచును దాటి ఉండటం వల్ల చూసేవారికి కలిగే అనుభవం ఏమిటి? రెండు వాక్యాల్లో రాయండి.
ఆ) చిత్రం వెనుక భాగంలో ఒక వంటగదిని చిత్రించి ఉంటే మీ దృష్టి ఎక్కడికి వెళ్ళేది? ఎందుకు?

7.4 ప్రతీకల పట్టిక ఎక్కడ ఆగిపోతుంది?

పురుగు తొలిచిన యాపిల్ చూడగానే చాలామంది వ్యాఖ్యాతలు ‘వానితాస్’ అనే మాట వాడతారు. లాటిన్‌లో దీనికి శూన్యత, వ్యర్థత అని అర్థం. లోకంలోని సుఖాలు, సంపదలు నిలవవని బోధించే చిత్రాలకు ఈ పేరు వచ్చింది. 17వ శతాబ్దంలో డచ్ చిత్రకారులు ఇటువంటివి అనేకం వేశారు. వాటిలో పుర్రె, గడియారం, ఆరిపోయిన కొవ్వొత్తి, నీటి బుడగ వంటివి కనిపిస్తాయి. ఆ వస్తువులు ఒకచోట చేరినప్పుడు బోధ స్పష్టంగా ఉంటుంది. చూసినవారికి సందేహం మిగలదు.

క్రైస్తవ చిత్రకళలో పండ్లకు కూడా అర్థాలు ఉన్నాయి. యాపిల్ ఆదాము హవ్వల పాపాన్ని, ద్రాక్ష క్రీస్తు రక్తాన్ని సూచించే సందర్భాలు ఉన్నాయి. ఈ సంప్రదాయం కరవాజ్జోకు తెలియదని చెప్పలేం. కానీ ఒక సంప్రదాయం ఉన్నంత మాత్రాన ప్రతి యాపిల్ అదే మాట చెబుతుందని కూడా చెప్పలేం. దీనికి కరవాజ్జో చిత్రాల్లోనే చక్కని నిదర్శనం ఉంది.

1601 ప్రాంతంలో ఆయన ‘ఎమ్మాయులో భోజనం’ అనే చిత్రం వేశాడు. అది ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. సమాధి నుంచి లేచిన క్రీస్తు ఇద్దరు శిష్యులతో భోజనానికి కూర్చుని రొట్టెను ఆశీర్వదిస్తున్నాడు. ఆయన ఎవరో వారు అప్పుడే గుర్తుపట్టారు. ఆ బల్ల మీద కూడా ఇటువంటి పండ్ల బుట్టే ఉంది. అది కూడా బల్ల అంచును దాటి మనవైపు వచ్చింది. పక్కన రొట్టె ఉంది, చేయి చాచిన క్రీస్తు ఉన్నాడు. అక్కడ ద్రాక్షను క్రీస్తు రక్తంతోను, దానిమ్మను పునరుత్థానంతోను కలిపి చదివితే చిత్రం ఆ చదువుకు సహకరిస్తుంది.

ఆ చిత్రం గురించి 1672లో జొవాన్ని పియెత్రో బెల్లోరి ఒక అభ్యంతరం చెప్పాడు. క్రీస్తు పునరుత్థానం జరిగింది వసంతంలో. ద్రాక్ష, దానిమ్మ వంటివి పండేది శరత్తులో. కాలం కాని కాలంలో ఈ పండ్లు బల్ల మీదికి ఎలా వచ్చాయని ఆయన ప్రశ్న. బెల్లోరి దీనిని తప్పుగా ఎంచాడు. కానీ మనం దీనిని ఆధారంగా తీసుకోవచ్చు. ఋతువుకు సరిపడని పండ్లు అక్కడ కనిపిస్తున్నాయంటే, వాటిని వాస్తవం కోసమే కాక అర్థం కోసం కూడా పెట్టి ఉండవచ్చునని వాదించే వీలు కలుగుతుంది.

ఇప్పుడు మన బుట్ట వైపు తిరిగి చూడండి. ఇక్కడ క్రీస్తు లేడు, రొట్టె లేదు, పుర్రె లేదు, కొవ్వొత్తి లేదు. పండ్లన్నీ ఒకే ఋతువుకు చెందినవి. ప్రతీకగా చదవమని పిలిచే ఆధారాలు ఒక్కొక్కటిగా తొలగిపోయాయి. పండ్లు దాదాపు అవే, చిత్రకారుడు ఆయనే, కాలం దాదాపు అదే. అయినా ఒక చిత్రంలో బలంగా నిలిచే అర్థం మరొక చిత్రంలో నిలవడం లేదు. కారణం స్పష్టం. అర్థం పండులో లేదు, పండుకు చుట్టూ ఉన్న వాటితో గల సంబంధంలో ఉంది.

ఈ వివాదం కళా విమర్శలో పాతదే. డచ్ చిత్రాల విషయంలో ఎడ్డి డి యోంగ్ వంటి పండితులు నాటి నీతిచిత్రాల పుస్తకాల సహాయంతో వస్తువుల వెనుక దాగిన బోధలను చదివారు. స్వెత్లానా ఆల్పర్స్ 1983లో ప్రచురించిన గ్రంథంలో మరో వైపు నుంచి వాదించింది. ఆ చిత్రకారులకు కనిపించే ప్రపంచాన్ని వర్ణించడమే ఒక రకమైన జ్ఞానమని, వర్ణన వెనుక ప్రతిసారీ ఒక రహస్యం వెతకనవసరం లేదని ఆమె అభిప్రాయం. మీరు ఈ ఇద్దరిలో ఒకరి పక్షం వహించి తీరాలని లేదు. ఏ చిత్రానికి ఏ పద్ధతి సరిపోతుందో ఆ చిత్రాన్నే అడగాలి.

7.5 అదే ఇంట్లో మరో చిత్రం: బ్రూగెల్ పూలు

కరవాజ్జో బుట్టకు యజమాని మిలన్ ఆర్చిబిషప్ ఫెడెరికో బొర్రోమెయో. ఆయన 1564లో జన్మించి 1631లో మరణించాడు. ఆంబ్రోజియానా గ్రంథాలయాన్ని స్థాపించి, 1618లో తన చిత్రాలను దానికి దానంగా ఇచ్చాడు. ఫ్లాండర్స్ ప్రాంతపు చిత్రకారుడు యాన్ బ్రూగెల్‌తో ఆయనకు చిరకాల స్నేహం ఉండేది. వారిద్దరి మధ్య నడిచిన ఉత్తరాలు మనకు మిగిలి ఉన్నాయి.

1606లో బ్రూగెల్ ఆయన కోసం ఒక పూలపాత్రను చిత్రించాడు. అందులో వందకు పైగా పూలున్నాయని, అన్నింటినీ నిజమైన పూలను చూసి వేశానని, ఆంట్వెర్ప్‌లో దొరకని పూల కోసం బ్రస్సెల్స్ వరకు వెళ్ళానని చిత్రకారుడు తన ఉత్తరాల్లో చెప్పుకున్నాడు. పాత్ర అడుగున నాణేలు, గవ్వలు, ఒక నగ ఉన్నాయి.

ఈ చిత్రాన్ని కూడా పై మూడు ప్రశ్నలతోనే చూడండి. పూలు కిక్కిరిసి ఉన్నా దాదాపు ప్రతి పువ్వూ ముఖం మనవైపు తిప్పి ఉంది. చాలావరకు విచ్చుకుని ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, వసంతం మొదట్లో పూసేవి, వేసవిలో పూసేవి ఒకే పాత్రలో కలిసి ఉన్నాయి. మామిడిపండ్లు, సీతాఫలాలు ఒకే బుట్టలో నిగనిగలాడుతూ కనిపిస్తే ఆ బుట్ట ఏ రోజున నిండిందో చెప్పలేమని మీకు వెంటనే తెలుస్తుంది. ఈ పూలగుత్తి కూడా అటువంటిదే. ఒక్కొక్క పువ్వునూ నిజంగానే చూసి వేశాడు. కానీ ఆ గుత్తి మొత్తం ఏ బల్ల మీదా ఎన్నడూ లేదు. నెలల తరబడి ఒక్కొక్క పువ్వు పూసేదాకా ఆగి, వేసి, మళ్ళీ ఆగి దానిని కూర్చాడు.

‘సజీవంగా ఉంది’ అనే మెచ్చుకోలు ఎందుకు చాలదో ఇప్పుడు గమనించండి. బ్రూగెల్ పూలూ సజీవంగానే ఉన్నాయి, కరవాజ్జో పండ్లూ సజీవంగానే ఉన్నాయి. కానీ ఆ రెండు చిత్రాలూ కాలంతో చేసిన పని వేరు. బ్రూగెల్ అనేక నెలలను కలిపి ఒకే క్షణంగా చూపాడు. ఆ క్షణంలో ఏదీ వాడదు. కరవాజ్జో ఒకే రోజును తీసుకుని, ఆ రోజులోనే పచ్చిదనం, పండినతనం, వాడినతనం పక్కపక్కనే ఉన్నాయని చూపాడు. ఒకటి కాలాన్ని ఆపింది. రెండవది కాలం నడుస్తుండగా పట్టుకుంది.

అవగాహన ప్రశ్నలు – 2
అ) బ్రూగెల్ ప్రతి పువ్వునూ చూసి వేసినా, గుత్తి మొత్తం కల్పితమని ఎలా చెప్పగలం?
ఆ) ‘ఎమ్మాయులో భోజనం’లోని బుట్టకు, విడిగా చిత్రించిన బుట్టకు మధ్య గల తేడాలు రెండు రాయండి.

7.6 యజమాని మాట, కంటి సాక్ష్యం

వ్యాఖ్యానానికి చారిత్రక పత్రాలు గొప్ప సహాయం. ఈ చిత్రాల విషయంలో అవి దొరకడం మన అదృష్టం. బొర్రోమెయో 1625లో తన సేకరణను వివరిస్తూ ‘మూసేయుమ్’ అనే లాటిన్ గ్రంథం రాశాడు. బ్రూగెల్ పూలపాత్ర అడుగున ఉన్న వజ్రం గురించి అందులో ఒక వివరణ ఉంది. ఆ పూల విలువ రత్నాల విలువకు సమానమని చెప్పడానికే చిత్రకారుడు దానిని అక్కడ ఉంచాడని, తాను ఆ మేరకు మూల్యం చెల్లించానని ఆయన సారాంశం. ఇంకొక రచనలో, శీతకాలంలో అంతటా మంచు కప్పినప్పుడు గదిలో ఉన్న పూల చిత్రాలు తనకు ఆనందాన్నిచ్చేవని చెప్పుకున్నాడు.

ఇది మనకు చాలా ముఖ్యమైన ఆధారం. బొర్రోమెయో మతాధికారి. పూలు వాడిపోతాయి, సంపద నిలవదు అనే బోధ ఆయనకు కొత్తకాదు. నగ, నాణేలు, పూలు ఒకేచోట ఉన్న చిత్రాన్ని ప్రతీకల పట్టికతో చదివితే ‘సంపద వ్యర్థం’ అని తేలుతుంది. కానీ ఆ చిత్రాన్ని వేయించుకున్న మనిషి అందులో చదివినది వేరు. ఆయన అందులో పూల విలువను, చలికాలంలో ఊరటను చూశాడు. పట్టిక చెప్పిన జవాబు, మొదటి ప్రేక్షకుడు చెప్పిన జవాబు ఇక్కడ కలవలేదు.

అయితే పత్రంలో ఉన్నదంతా ప్రమాణమేనా? అదే గ్రంథంలో కరవాజ్జో బుట్ట గురించి కూడా ఆయన రాశాడు. దాని పక్కన పెట్టడానికి అటువంటి మరో బుట్ట చిత్రం కావాలనుకున్నానని, దాని అందాన్ని అందుకోగలది దొరకనందువల్ల అది ఒంటరిగానే ఉండిపోయిందని ఆయన మాటల భావం. ఇంత మెచ్చుకున్న ఆ వాక్యంలోనే ఒక విచిత్రం ఉంది. బుట్టలో నుంచి మెరిసేవి ‘పూలు’ అని ఆయన రాశాడు. మీరు చిత్రాన్ని మళ్ళీ చూడండి. అందులో ఒక్క పువ్వు కూడా లేదు.

జ్ఞాపకం నుంచి రాసి ఉండవచ్చు. పూలు, పండ్లు, ఆకులు కలిసిన చిత్రాలన్నింటికీ ఆ మాటను విస్తరించి వాడి ఉండవచ్చు. పండితులు పలు విధాలుగా సమాధానపరిచారు. మనకు కావలసిన పాఠం మాత్రం సులభమైనది. చిత్రాన్ని సొంతం చేసుకుని, ఏళ్ళ తరబడి దగ్గర ఉంచుకుని, ప్రేమించిన మనిషి మాటను కూడా చిత్రంతో సరిచూడాలి. ఎక్కడో దూరాన, ఒక చిన్న ముద్రిత ప్రతిని చూస్తున్న విద్యార్థికి కూడా ఆ హక్కు ఉంది. ఆ హక్కు పదవి వల్ల వచ్చేది కాదు. ఓపికగా చూడటం వల్ల వస్తుంది.

7.7 ఒక వ్యాఖ్యానం

ఇంతవరకు సేకరించిన ఆధారాలను కలిపి ఇప్పుడు ఒక వ్యాఖ్యానం చేద్దాం. దీనితో మీరు ఏకీభవించనవసరం లేదు. కానీ విభేదించేటప్పుడు ఆధారం చూపాలి.

‘పండ్ల బుట్ట’ మరణం గురించిన హెచ్చరిక అని చెప్పడానికి పురుగు, మచ్చలు, వాడిన ఆకులు ఆధారాలు. కానీ హెచ్చరిక చేసే చిత్రం మంచిని, చెడును వేరుచేసి చూపుతుంది. వెలుగు ఒకవైపు, చీకటి మరొకవైపు ఉంచుతుంది. అందమైనదాని పక్కన పుర్రెను పెట్టి, ఈ రెండింటిలో ఏది నిలుస్తుందో చూసుకోమంటుంది. ఈ బుట్టలో ఆ విభజన లేదు. మసక పూతతో మెరిసే ద్రాక్ష మీద ఎంత శ్రద్ధ పెట్టాడో, తెగులు పట్టిన ఆకు చిల్లుల మీద కూడా అంతే శ్రద్ధ పెట్టాడు. పురుగు తొలిచిన యాపిల్ మీద పడే వెలుగు తక్కువ కాలేదు. వెనుక భాగంలో ఏమీ లేకపోవడం వల్ల చూపు తప్పించుకోవడానికి దారి లేదు. కుడివైపు వాడిన ఆకు రంగు కోల్పోయినా, దాని రూపరేఖ ఆ లేత పసుపు మీద అన్నిటికన్నా స్పష్టంగా నిలబడింది.

జుస్తినియాని నమోదు చేసిన మాటను ఇప్పుడు గుర్తుచేసుకోండి. పూలకూ మనుషులకూ ఒకే శ్రమ అన్న చిత్రకారుడు, బుట్టలోపల కూడా అదే న్యాయం పాటించాడు. నాటి కళాలోకం మనుషులను పైమెట్టు మీద, పండ్లను కింది మెట్టు మీద ఉంచింది. సంత కూడా నిగనిగలాడే పండును పైన, మచ్చ పడినదాన్ని కింద ఉంచుతుంది. ఈ రెండు వరుసలనూ ఈ చిత్రం ఒప్పుకోలేదు. బుట్టను సాధారణంగా మనుషుల ముఖాలు ఉండే చోట, కంటి ఎత్తులో నిలబెట్టింది. మచ్చను దాచలేదు, దానిని చూపి భయపెట్టనూ లేదు.

కాబట్టి ‘అన్నీ నశిస్తాయి’ అనే వాక్యం ఈ చిత్రానికి పాక్షికంగానే సరిపోతుంది. పండిన దానిలోనే వాడటం మొదలవుతుంది, అయినా అది పూర్తి శ్రద్ధకు తగినదే అనే వాక్యం మరింత దగ్గరగా ఉంటుంది. గట్టు అంచు దాటిన బుట్ట ఈ మాటను మనవరకూ తెస్తుంది. అది పడిపోతుందేమోనన్న చిన్న కలత, చేయి చాచి ఆపాలన్న కోరిక చూసేవారిలో కలుగుతాయి. నశించేదాని పట్ల మనకు కలిగేది ఎప్పుడూ విరక్తే కానక్కర లేదు. జాగ్రత్త కూడా కలుగుతుంది.

ఈ వ్యాఖ్యానానికి ఒక పరిమితి ఉంది. మతవిశ్వాసం గల నాటి ప్రేక్షకుడికి సృష్టిలోని చిన్న వస్తువును శ్రద్ధగా చూడటం కూడా ఒక ఆరాధనే. బొర్రోమెయో ప్రకృతి చిత్రాలను ఆ దృష్టితోనే చూశాడు. అందువల్ల ఈ చిత్రాన్ని మతానికి పూర్తిగా దూరమైనదిగా ప్రకటించడం తొందరపాటు. మనం కాదన్నది మతార్థాన్ని కాదు. చిత్రాన్ని చూడకముందే సిద్ధంగా ఉన్న అర్థాన్ని కాదన్నాం.

7.8 మీరు సమాధానం ఎలా రాయాలి?

నిశ్చల చిత్రంపై వ్యాసం రాసేటప్పుడు మూడు రకాల వాక్యాలను కలిపివేయకుండా చూసుకోండి. ‘యాపిల్ మీద పురుగు గుర్తు ఉంది’ అనేది పరిశీలన. దానిని ఎవరైనా చూసి నిర్ధారించుకోవచ్చు. ‘బొర్రోమెయో 1618లో చిత్రాలను దానం చేశాడు’ అనేది చారిత్రక సమాచారం. దానికి పత్రం ఆధారం. ‘చిత్రకారుడు మచ్చకు, మెరుపుకు సమాన గౌరవం ఇచ్చాడు’ అనేది వ్యాఖ్యానం. దానికి మొదటి రెండు రకాల వాక్యాలు ఆధారం కావాలి. వ్యాఖ్యానాన్ని పరిశీలనలా రాస్తే వాదన బలహీనపడుతుంది. పరిశీలన దగ్గరే ఆగిపోతే అది విమర్శ కాకుండా జాబితా అవుతుంది.

రాయడం ముగిసిన తరువాత ఒక పరీక్ష పెట్టుకోండి. మీ వ్యాసంలో చిత్రం పేరు తీసివేసి మరొక పండ్ల చిత్రం పేరు పెట్టండి. వ్యాసం అప్పుడు కూడా సరిపోతే, మీరు ఇంకా చూడవలసింది ఉందని అర్థం.

7.9 సారాంశం

నిశ్చల చిత్రంలో కథ లేకపోయినా నిర్ణయాలు ఉంటాయి. ఏ వస్తువును, ఎక్కడ, ఏ స్థితిలో, ఏ వెలుగులో ఉంచాలన్నది చిత్రకారుడి నిర్ణయం. కరవాజ్జో ‘పండ్ల బుట్ట’లో ఒకే ఋతువు పండ్లు, కంటి ఎత్తు, ఖాళీ వెనుక భాగం, అంచు దాటిన బుట్ట, దాచని మచ్చ అటువంటి నిర్ణయాలు. ‘ఎమ్మాయులో భోజనం’తో పోల్చినప్పుడు, ప్రతీకార్థం వస్తువులో కాక సందర్భంలో ఉంటుందని తెలుసుకున్నాం. బ్రూగెల్ పూలతో పోల్చినప్పుడు, రెండు సజీవమైన చిత్రాలు కాలాన్ని రెండు విధాలుగా చూపగలవని తెలుసుకున్నాం. బొర్రోమెయో రాతల వల్ల చారిత్రక పత్రం విలువను, దానిని చిత్రంతో సరిచూడవలసిన అవసరాన్ని గ్రహించాం.

7.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ‘అర్థం పండులో లేదు, సంబంధంలో ఉంది’ అనే అభిప్రాయాన్ని కరవాజ్జో రెండు చిత్రాల ఆధారంగా చర్చించండి.
2. 7.7లోని వ్యాఖ్యానంతో మీరు ఏకీభవిస్తారా? చిత్రంలోని కనీసం మూడు అంశాలను ఆధారంగా చూపండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ‘వానితాస్’ చిత్రాల లక్షణాలను తెలపండి.
2. బొర్రోమెయో ‘మూసేయుమ్’ గ్రంథం వ్యాఖ్యాతకు ఏ విధంగా ఉపయోగపడుతుంది? ఎక్కడ జాగ్రత్త అవసరం?

III. అభ్యాసం
మీ ఇంట్లో దొరికే రెండు మూడు పండ్లను కిటికీ పక్కన ఒక పళ్ళెంలో ఉంచండి. ఐదు రోజులపాటు రోజూ ఒకే సమయంలో చూసి, కనిపించిన మార్పులను ఐదేసి వాక్యాల్లో నమోదు చేయండి. ఏ రోజు పళ్ళేన్ని చిత్రంగా వేయదలచుకుంటారో నిర్ణయించి, ఆ నిర్ణయానికి కారణం రాయండి.